బతికే ఉన్నయ్ సార్

చాలా ఏళ్లుగా ఒక మాట మోస్తున్నాను. ఫోనులో అన్న మాట. అనడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. దించుకుందామంటే మాత్రం ఇన్నేళ్లయినా చేతకాలేదు.

బతికి ఉన్న ప్రాణుల్ని చచ్చిపోయాయని చెప్పాను. అదీ సంగతి. అవి ఎవరివో వాళ్లకే చెప్పాను. వాళ్లు నమ్మారు. నమ్మి, నన్నే ఓదార్చారు.

మీకు నవ్వు రావచ్చు. లోకంలో భూములు కాజేసినవాళ్లున్నారు, మనుషుల్ని ముంచినవాళ్లున్నారు, ఇతనేమిటి అద్దాల తొట్టిలో పెరిగే పగడం ముక్కల గురించి ఇంత బాధపడుతున్నాడు అనిపించవచ్చు. నేనూ అలాగే అనుకుని చూశాను. చిన్న తప్పే కదా అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో లెక్కలేదు. కానీ చిన్న తప్పయితే చెప్పేయడం కూడా అంత సులువుగానే ఉండాలి కదా? మరి ఎందుకు చెప్పలేకపోయాను?

ఎవరికీ చెప్పనిది మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు నేను భూపాలపల్లిలో అద్దెకుండేవాణ్ణి. సొంతూరు చిట్యాల దగ్గర. చెల్పూరు కరెంటు కేంద్రంలో నీళ్లు పరీక్షించే పని, కాంట్రాక్టు మీద. పొద్దున వెళ్లి సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చి, వాటిలో ఏమేం కలిసి ఉన్నాయో చూసి, పుస్తకంలో రాయడం. నా భార్య స్వరూప దవాఖానలో నర్సు. మాకు పెళ్లయి అప్పటికి రెండేళ్లు.

మా ల్యాబులో పెద్దాయన భాస్కరం గారు. తెనాలి వైపు మనిషి. అందరి ముందూ నన్ను ‘మీరు’ అని పిలిచిన ఆఫీసరు నాకు ఆయన ఒక్కరే. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నేను చేసిన పని చెప్పేటప్పుడు మీరు దీన్ని మర్చిపోకూడదని.

ఒకరోజు ఆయన, “మా ఇంట్లో కొంచెం ఉప్పునీళ్లు చూసిపెడతారా?” అని అడిగారు. క్వార్టర్సుకి వెళ్లాను. హాల్లో గోడ పొడవునా అద్దాల తొట్టి. లోపల నీలంగా వెలుతురు. చేపలు ఉన్నాయి కానీ నా కళ్లు వాటి మీద నిలవలేదు. నడిమధ్య రాయి మీద పెద్ద పుట్టగొడుగు లాంటిది ఒకటి ఉంది. దొడ్డు కాడ, పైన మడతలు పడిన గొడుగు, ఆ గొడుగు నిండా వేలకొద్దీ సన్నని వేళ్లు. నీళ్లు కదిలినప్పుడల్లా అన్నీ ఒకవైపుకి ఒరిగి, మళ్లీ లేచేవి. వరిచేను మీద గాలి పోయినట్టు. నేను అప్పటిదాకా సముద్రం చూసినవాణ్ణి కాదు.

“సార్, ఇది చెట్టా?” అన్నాను.

“ప్రాణి అండీ. మెత్తటి పగడం. తోలు పగడం అనుకోండి. బొంబాయిలో ఒక మిత్రుడు వేలెడంత ముక్క ఇస్తే ఇంత చేశాం,” అన్నారాయన.

చేసింది ఎక్కువగా ఆయన భార్య విజయ గారని తర్వాత తెలిసింది. ఆ ఊళ్లో ఆమెకు తెలిసినవాళ్లు తక్కువ. రోజూ పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని ఆ తొట్టి ముందు కూర్చునేవారు. ఏ మడత విచ్చుకుంది, ఏ అంచు ముడుచుకుంది అని ఆయనకు చెప్పేవారు. పగడాన్ని ‘మా పెద్దది’ అనేవారు. చిన్నది అంటూ ఏమీ లేదు. ఉన్నది అదొక్కటే.

అప్పటినుంచి వారానికోసారి వెళ్లేవాణ్ణి. నీళ్లలో ఉప్పు ఎంత ఉండాలి, ఆవిరైన నీళ్లకు బదులు మంచినీళ్లే ఎందుకు పోయాలి, మార్చే నీళ్లకు మాత్రం ఉప్పెందుకు కలపాలి, అన్నీ నేర్పారు. నేను చెయ్యి పెడితే పగడం ముడుచుకునేది. ఆర్నెల్లు పోయాక అంతగా ముడుచుకోవడం మానేసిందనిపించింది నాకు. నిజమో, నా పిచ్చో. మా ఇంటికొచ్చి స్వరూపకు దాని గురించే చెప్పేవాణ్ణి. ఆమె వినేది, “ఏందో, నాతోటి గూడ గింత ముచ్చట వెట్టవు,” అనేది.

ఒకసారి విజయ గారు నా మాటకు నవ్వారు. “గిట్లనా మేడం?” అని ఏదో అడిగాను. ఆమె, “గిట్లనా!” అని తిప్పి పలికి నవ్వారు. అంతే. వెంటనే కాఫీ తెచ్చిచ్చారు. ఆ నవ్వులో విషం లేదని అప్పుడూ నాకు తెలుసు, ఇప్పుడూ తెలుసు. కానీ దాన్ని దాచుకున్నాను. ఎందుకు దాచుకున్నాను? ఎప్పుడో ఒకప్పుడు అవసరపడుతుందనా? మనిషి లోపల ఇలాంటివి దాచే అర ఒకటి ఉంటుందేమో.

రాష్ట్రం కోసం ఉద్యమం ఊపందుకుంది. భూపాలపల్లిలో రోడ్డు మీద శిబిరం పడింది. రోడ్ల మీదే వంటలు వండుకుని తిన్నాం. ఆడవాళ్లు రోడ్డు మీదే బతుకమ్మ ఆడారు. నేను పోయాను, కూర్చున్నాను, గొంతు పోయేదాకా నినాదాలు ఇచ్చాను. ఏళ్ల తరబడి కాంట్రాక్టులోనే ఉన్నవాణ్ణి, పర్మనెంటు కుర్చీల్లో ఎవరు కూర్చున్నారో రోజూ చూసినవాణ్ణి. ఆ కోపం నిజమైనదే. దాన్ని ఇప్పుడు కూడా తక్కువ చేయను. భాస్కరం గారు మాత్రం శిబిరం ముందు నుంచి నడిచిపోయేటప్పుడు నన్ను చూసి తల ఊపేవారు. ఒకసారి, “మీరు అడిగేదాంట్లో న్యాయముంది,” అన్నారు. ఎవరూ వినకుండా కాదు, నలుగురి ముందే.

పెద్ద సమ్మె మొదలయ్యే ముందు ఆయనకు తమవైపు బదిలీ అయింది. బస్సులు ఆగిపోకముందే సామాను తీసుకుని వెళ్లాలి. చేపల్ని హైదరాబాదులో ఎవరికో ఇచ్చేశారు. పగడాన్ని ఏం చేయాలన్నదే సమస్య. కొత్త ఊళ్లో తొట్టి పెట్టి, నీళ్లు కుదురుకోవడానికి రెండు నెలలు పడుతుంది. అంతదాకా అంత పెద్దదాన్ని ఎక్కడ ఉంచాలి? చిన్న తొట్టిలో అది బతకదు.

“కోద్దామండీ,” అన్నారు. “ముక్కలు చిన్న తొట్టిలో బతుకుతాయి. మీ దగ్గర ఉంచుతారా?”

కోసిన రోజు విజయ గారు వంటింట్లోనే ఉండిపోయారు. ఆయన కొత్త బ్లేడు తీసుకుని గొడుగును కాడ మీద నుంచి ఒక్క కోతలో వేరు చేశారు. తర్వాత ఐదు ముక్కలు చేశారు. తెల్లటి జిగురు కారింది. ఘాటైన వాసన. ముక్కల్ని వేరే ఉప్పునీళ్లలో కడిగి, ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క చిన్న రాయి మీద పెట్టి, నూలు దారంతో వదులుగా కట్టారు. బిగించి కడితే దారం కోసుకుపోతుంది. వదులైతే జారిపోతుంది. ఆయన చేతులు ఎంత జాగ్రత్తగా కదిలాయో నాకిప్పటికీ కళ్లముందే ఉంది.

“ఐదింటిలో మూడు మావి. రెండు మీవి. ఈ కాడ మొదలు కూడా మీదే, అది మళ్లీ గొడుగేస్తుంది,” అన్నారు. అడక్కుండానే ఇచ్చారు. తర్వాత ఎలా చూసుకోవాలో చెప్పారు. జిగురు వదులుతుంది, దాన్ని అక్కడే ఉండనివ్వకండి, కుళ్లుతుంది. మూడురోజులకోసారి నాలుగో వంతు నీళ్లు మార్చండి. వెలుతురు ముందు తక్కువ ఇచ్చి మెల్లమెల్లగా పెంచండి. నీళ్లు నెమ్మదిగా కదలాలి. “ముడుచుకుని చచ్చినట్టు కనిపిస్తాయి, పైన పొర కట్టి ఊడుతుంది. భయపడకండి. చూడాలనిపిస్తే ఎంతసేపైనా చూడండి. ముట్టుకోవాలనిపిస్తే మాత్రం చేతులు కట్టుకోండి.”

చిన్న తొట్టి, మోటారు, లైటు, పాత తొట్టిలోని రాళ్లు, రెండు పెద్ద బకెట్ల పాత నీళ్లు, ఒక సంచి ఉప్పు, అన్నీ ఆటోలో మా గదికి చేర్చారు. మర్నాడు వాళ్లు వెళ్లిపోయారు.

సమ్మె మొదలైంది. కరెంటు పోవడం మొదలైంది. కరెంటు తయారయ్యే చోటు మాకు కూతవేటు దూరం, మా గదిలో మాత్రం రోజుకు ఆరేడు గంటలు చీకటి. మోటారు ఆగితే నీళ్లు ఆగుతాయి, నీళ్లు ఆగితే గాలి అందదు. సెల్లుల మీద నడిచే చిన్న గాలిపంపు ఒకటి వరంగల్ నుంచి తెప్పించాను. సెల్లులు అయిపోతే గ్లాసుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ కూర్చునేవాణ్ణి. ఎండ పెరిగితే తడిగుడ్డ చుట్టి విసనకర్రతో విసిరేవాణ్ణి. స్వరూప దవాఖాన నుంచి సూది లేని సిరంజి తెచ్చిచ్చింది. దాంతో నీళ్లు మెల్లగా చిమ్మి ముక్కల మీద జిగురు తోలేవాణ్ణి. పొద్దున శిబిరం, మధ్యాహ్నం నుంచి తొట్టి. ఇదే నా సమ్మె.

మొదటి వారం అన్నీ గట్టిగా ముడుచుకుని గోధుమరంగు తోలుముక్కల్లా పడి ఉన్నాయి. ఆరో రోజు ఒక ముక్క అంచు నల్లబడి కరగడం మొదలైంది. తీసి, కుళ్లిన భాగం కోసేసి, కడిగి, వేరే గిన్నెలో పెట్టాను. రెండు రోజులు చూశాను. పోయింది. మిగిలినవి దానివల్ల పాడవుతాయేమోనని ఆరోజే సగం నీళ్లు మార్చాను. ఆ ముక్కను పారేయడానికి చేతులు రాలేదు. పెరట్లో మందారం మొదట్లో పాతిపెట్టాను. ఒక్కటి పోయింది. ఒక్కటే. గుర్తుంచుకోండి.

పది పన్నెండు రోజులకు మిగిలిన నాలుగింటి మీదా మైనం లాంటి పలచని పొర పట్టింది. చూసి ఇవీ పోయాయనుకున్నాను. కానీ సార్ చెప్పిందే. పొర కట్టడం, వదలడం, కింద కొత్త తోలు రావడం. రెండు రోజులకు నీటి ఊపుకి పొర దానంతటదే ఊడి కొట్టుకుపోయింది. కింద శుభ్రంగా, లేతగా ఉంది. మూడోవారం దారం కొనతో మెల్లగా కదిపి చూశాను. ముక్కలు రాయిని పట్టుకున్నాయి. దారాలు తీసేశాను. కాడ మొదలు కూడా కోసినచోట గుండ్రంగా మూసుకుని, చుట్టూ పెదవిలా అంచు కట్టుకుంది.

వేళ్లు మాత్రం బయటికి రాలేదు. వస్తాయో రావో తెలియదు. ఆ ఎదురుచూపులోనే నాకేదో అయింది. ఇది నాది అనిపించడం మొదలైంది. సార్ బ్లేడు పెట్టి కోసింది ఒక గంట. నేను కాపాడింది యాభై రోజులు. ఎవరిదంటారు? అప్పుడు శిబిరంలో రోజూ వినే మాటలు కూడా అదే పాట పాడాయి నా చెవుల్లో. మనది మనకు రావాలె. మన నీళ్లు, మన కొలువులు. అవన్నీ నిజాలు. ఆ నిజాల సందులోంచి నేను నా చిన్న దురాశను లోపలికి దూర్చాను. ఉద్యమం నాకు ఎవరి వస్తువూ తీసుకొమ్మని చెప్పలేదు. అది తనదాన్ని అడిగింది. నేను ఎదుటివాడిది ఉంచుకున్నాను. ఈ రెండింటికీ తేడా నాకు అప్పుడే తెలుసు. తెలియదని అబద్ధం చెప్పి మళ్లీ ఇంకో తప్పు చేయను.

సమ్మె ముగిసింది. రైళ్లు నడిచాయి. ఒక ఉదయం లేచి చూస్తే నాలుగు ముక్కలూ విచ్చుకుని ఉన్నాయి. గొడుగు అంచుల దాకా సన్నని వేళ్లు, అన్నీ ఒకేసారి ఊగుతూ. స్వరూపను పిలిచాను. యూనిఫాం వేసుకుని డ్యూటీకి బయల్దేరుతూ ఆమె కూడా వంగి చూసింది. “మంచిగున్నయ్ గదా,” అంది. ఆమె ముఖం కూడా విచ్చుకుంది.

అప్పుడే ఫోన్ మోగింది. భాస్కరం గారు.

“ఏవండీ, ఎలా ఉన్నారు? సమ్మె అయిపోయిందటగా?”

“మంచిగున్న సార్.”

“ఇక్కడ తొట్టి సిద్ధమైపోయింది. విజయ ఖాళీ తొట్టి ముందే కూర్చుంటోంది రోజూ. వచ్చే ఆదివారం మహబూబాబాద్ దాకా నేనే వద్దామనుకుంటున్నానండీ. మీరు స్టేషనుకి తెస్తే అక్కడే తీసుకుని వెనక్కి రైలెక్కేస్తాను. ఎలా ఉన్నాయి మన ముక్కలు?”

నేను తొట్టి వైపే చూస్తున్నాను. ఇది మీరు నమ్మాలి. వాటినే చూస్తూ అన్నాను.

“సార్... గవి పోయినయ్ సార్.”

“పోయాయా?”

“కరెంటు లేకపాయె గద సార్. రోజు ఆరేడు గంటలు. ఎంత జేసినా ఆగలే.”

“అన్నీనా?”

“అన్నీ సార్.”

“మొదలు కూడానా?”

“అది గూడ.”

పక్కనున్న విజయ గారికి ఆయన నెమ్మదిగా ఏదో చెప్పడం వినిపించింది. ఆమె ఏమన్నారో వినిపించలేదు. ఆయన మళ్లీ ఫోనులోకి వచ్చారు.

“మీరు మనసులో పెట్టుకోకండి. ఆ కోతల్లో ఎవరి వల్లా కాదు. మీ తప్పేం లేదు. అసలు నేనే తొందరపడి కోశాను. ఇంకో దారి ఆలోచించాల్సింది.”

నేను ‘సరే సార్’ అన్నాను. ఆయన తప్పు తన మీద వేసుకుంటుంటే నేను సరే అన్నాను.

ఫోను పెట్టేసి తిరిగితే స్వరూప గుమ్మంలోనే ఉంది.

“గదేంది? గట్లెందుకు చెప్పినవ్?”

“నీకు తెల్వది. ఊకో.”

ఆమె తొట్టి వైపు ఒకసారి చూసింది. నా వైపు చూసింది. బ్యాగు భుజానికేసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎన్నడూ అడగలేదు. తొట్టి దగ్గరికి రావడం కూడా మానేసింది. సిరంజి కావాలంటే తెచ్చి బల్ల మీద పెట్టేది, చేతికి ఇచ్చేది కాదు.

ఆలోచించండి. ఐదింటిలో రెండు, వాటితో పాటు మొదలు, నావే. ఇచ్చేశారు. నోరు విప్పి నిజం చెప్తే నావి నాకు ఉండేవి. అన్నీ పోయాయనడంతో నావాటిని కూడా దొంగసొత్తు చేసుకున్నాను. ఇంత తెలివితక్కువ దొంగతనం ఎవడైనా చేస్తాడా? ఎందుకు చేశాను? మూడు ముక్కల మీద ఆశేనా? లేక, ఒక్కసారి, ఆ పెద్దమనిషికి కావలసింది నా చేతిలో ఉండి, నేను లేదు అనగలగడం నాకు రుచించిందా? ఏళ్ల తరబడి అడిగేవాడిగా ఉన్నవాడికి ‘లేదు’ అనే మాట అంత తియ్యగా ఉంటుందా? దాచుకున్న ఆ చిన్న నవ్వును కూడా అప్పుడు అరలోంచి తీశాను. నా భాషకు నవ్వారుగా అని. అది సరిపోదని తీసినప్పుడే తెలిసింది.

నెల తర్వాత ఆయన మళ్లీ ఫోన్ చేశారు. తమ బంధువొకాయన రైల్లో మహబూబాబాద్ వస్తున్నారని, ఒక పెట్టె పంపుతున్నానని, వీలైతే అందుకోమని. పోకుండా ఉండలేకపోయాను. హన్మకొండ దాకా బస్సు, అక్కడినుంచి ఇంకో బస్సు. ఆయనకు పగడం ఇవ్వాల్సిన అదే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆ పెట్టె అందుకున్నాను. బరువుగా ఉంది. బెంచీ మీద పెట్టి విప్పాను. ఒక పెద్ద సంచి సముద్రపు ఉప్పు. ఆయన వాడే ఉప్పు కొలిచే పరికరం, గుడ్డలో చుట్టి. పైన విజయ గారి చేతిరాతతో ఒక చీటీ. మీరెంత కష్టపడ్డారో ఆయన చెప్పారు, మనసు పాడుచేసుకోకుండా మళ్లీ మొదలుపెట్టండి, ముక్క ఎక్కడైనా దొరికితే మేమే పంపుతాం అని రాసి ఉంది.

జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు. చాయ్ అమ్మేవాళ్లు అరుస్తున్నారు. నేను ఆ ఉప్పు సంచి ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. అప్పుడైనా ఫోన్ చేయవచ్చు. జేబులోనే ఉంది. సార్, నేను అబద్ధం చెప్పినా, బతికే ఉన్నయ్ అంటే అయిపోయేది. తిడితే తిట్టేవారు. ఫోను తీశాను, నంబరు దాకా వెళ్లాను, మళ్లీ జేబులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చి, ఆ ఉప్పే కలిపి, ఆ పగడాలకే నీళ్లు మార్చాను.

రాష్ట్రం వచ్చింది. ఆరోజు ఆయనే ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పారు. “మళ్లీ ఏమైనా పెంచుతున్నారా?” అని అడిగారు. లేదు సార్ అన్నాను. వెనక మోటారు చప్పుడు ఆయనకు వినబడుతుందేమోనని బయటికి నడిచాను.

తర్వాత స్వరూపకు జనగామ బదిలీ అయితే అక్కడికి మారాం. బోరునీళ్లు పరీక్షించే చిన్న దుకాణం పెట్టుకున్నాను. ఇంట్లో పెద్ద తొట్టి పెట్టాను. ముక్కలు గొడుగులయ్యాయి. గొడుగుల్ని మళ్లీ కోశాను, మళ్లీ మాన్పాను. ఆ పని ఇప్పుడు నాకు బాగా వచ్చు. హైదరాబాద్ నుంచి కూడా మనుషులొచ్చి అడుగుతారు, కోసిన తర్వాత ఎట్ల కాపాడాలన్నా అని. ఓపిగ్గా చెప్తాను. ఎవరిదో గొంతు నా నోట్లోంచి వస్తున్నట్టుంటుంది. మొదటి ముక్క ఎక్కడిదన్నా అని అడిగితే, బొంబాయిది అంటాను. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

పోయినేడు ఇక ఉండబట్టలేక బయల్దేరాను. బాగా మానిన ఒక ముక్కను, రాయితో సహా, మూతున్న డబ్బాలో పెట్టి, తువ్వాలు చుట్టి, పొద్దున రైలెక్కాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. సార్, ఇది మీది. అంతే కదా? రెండు మాటలు.

మధ్యాహ్నానికి వాళ్లింటికి చేరాను. విజయ గారే తలుపు తీశారు. జుట్టంతా నెరిసింది. నన్ను వెంటనే గుర్తుపట్టి లోపలికి కేకేశారు, “ఏవండీ, ఎవరొచ్చారో చూడండి!” భాస్కరం గారు గోడ పట్టుకుంటూ వచ్చారు. చేతులు వణుకుతున్నాయి. బ్లేడు పట్టుకున్న చేతులు అవి. హాల్లో తొట్టి లేదు. దాని బల్ల మీద మందుల డబ్బాలు, పాత పేపర్లు.

డబ్బా తీసి కిటికీ దగ్గర పెట్టాను. ఇద్దరూ వంగి చూశారు. ప్రయాణంలో ముడుచుకున్నది మెల్లగా విచ్చుకుంటోంది. ఆయన చాలాసేపు చూశారు.

“అచ్చం మన పెద్దదానిలాగే ఉంది విజయా. ఆ అంచు మడత చూడు.”

ఇంతకన్న మంచి సమయం నాకు ఎవరివ్వగలరు? ఆయనే తలుపు తెరిచి పెట్టారు. నేను చేయాల్సింది అడుగు వేయడమే.

“అదే జాతి సార్,” అన్నాను.

విజయ గారు కళ్లు తుడుచుకున్నారు. ఇన్నేళ్లయినా గుర్తుపెట్టుకుని తెచ్చారన్నారు. కాఫీ పెట్టారు. భోంచేసి వెళ్లమన్నారు. బయల్దేరేటప్పుడు ఆయన డబ్బా మూత జాగ్రత్తగా బిగించి, నా చేతికిచ్చారు.

“ఇప్పుడు మేము చూసుకోలేమండీ. మీ దగ్గరైతే బతుకుతుంది. తీసుకెళ్లండి.”

తిరుగు రైల్లో డబ్బా నా ఒళ్లోనే ఉంది. తిరిగి ఇచ్చేయడానికి తీసుకెళ్లినదాన్ని కానుకగా మళ్లీ తెచ్చుకున్నాను. ఇప్పుడది న్యాయంగా నాదే అంటారా? ఆయన ఇచ్చారు కాబట్టి? ఏం తెలిసి ఇచ్చారు? ఆయనకు తెలిసిందేమో అని కూడా అనుమానం వస్తుంది. ఆ మడతను గుర్తుపట్టిన కళ్లు నా ముఖాన్ని గుర్తుపట్టవా? తెలిసి కూడా ఇచ్చి ఉంటే అది క్షమించడం కాదు. నేను అడగలేదు కాబట్టి.

అందుకే ఇది రాశాను. నా పేరు పెట్టడం లేదు. ధైర్యం అంతవరకే వచ్చింది. ఐదింటిలో నాలుగు బతికాయి. మొదలూ బతికింది. మూడు వాళ్లవి. కరెంటు వాటిని చంపలేదు, కోత చంపలేదు, భాస్కరం గారి తొందర చంపలేదు. నా నోరు చంపింది.

రాసిన కాగితాలు స్వరూపకు ఇచ్చాను. వంటగట్టుకు ఆనుకుని నిలబడే మొత్తం చదివింది. మడిచి నా చేతికిచ్చింది.

“ఇది నాకు ఎర్కే గదా. వాళ్లకు ఎర్కగావాలె,” అంది.

“అవును,” అన్నాను.

చాలా ఏళ్ల తర్వాత ఆమె ముఖంలోకి సూటిగా చూస్తూ అన్న మాట అది.